కనిపెట్టింది యూనివర్సిటీలో, హక్కు ఎవరిది?

1988లో మార్క్ హోలోడ్నీ అనే యువ డాక్టర్ అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో రీసెర్చ్ ఫెలోగా చేరారు. చేరేటప్పుడు అందరిలాగే ఒక కాగితం మీద సంతకం పెట్టారు. ఇక్కడ పనిచేస్తూ ఏం కనిపెట్టినా దాని హక్కులు యూనివర్సిటీకి రాసిస్తానని ఒప్పుకుంటున్నాను అన్నది దాని సారాంశం. ఆయన పని హెచ్‌ఐవీ మీద. రోగి రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి కావాలి, దానికి జన్యు పదార్థాన్ని ఎన్నో రెట్లు పెంచి చూపే పీసీఆర్ తెలియాలి. కోవిడ్ తర్వాత పీసీఆర్ పేరు తెలియనివాళ్లు లేరు గానీ అప్పట్లో అది చాలా కొత్త. ఆ టెక్నిక్ పుట్టిన సీటస్ అనే కంపెనీ కాలిఫోర్నియాలోనే ఉండడంతో, అక్కడికి వెళ్లి నేర్చుకోమని ఆయన్ను పంపారు. కంపెనీ లోపలికి రావాలంటే తాము ఇచ్చే ఫారం మీద సంతకం పెట్టాలన్నారు సీటస్‌వాళ్లు. పెట్టారు. ఇక్కడ నేర్చుకున్నదాని వల్ల నేను కనిపెట్టేవాటి హక్కులు సీటస్‌కు రాసిస్తాను, ఇందుమూలంగా రాసిస్తున్నాను అని అందులో ఉంది.

కొన్ని నెలల తర్వాత ఆయన స్టాన్‌ఫర్డ్‌కు తిరిగొచ్చారు. సహచరులతో కలిసి ఆ పద్ధతిని రోగుల మీద పరీక్షించి నిలబెట్టారు. దాని మీద యూనివర్సిటీకి పేటెంట్లు వచ్చాయి. ఈలోగా సీటస్ పీసీఆర్ వ్యాపారాన్ని రోష్ కంపెనీ కొనేసింది. హెచ్‌ఐవీ పరీక్ష కిట్లు చేసి ప్రపంచమంతా అమ్మింది. 2005లో స్టాన్‌ఫర్డ్ కోర్టుకెక్కింది. రోష్ వాదన ఒక్కటే: ఈ పేటెంట్‌లో మేమూ సహ యజమానులమే, మా మీద దావా ఎలా వేస్తారు?

రోష్ మాటే నెగ్గింది. ప్లాట్ కొన్న ఎవరికైనా ఇందులోని కిటుకు వెంటనే అర్థమవుతుంది. స్టాన్‌ఫర్డ్ దగ్గరున్నది సేల్ అగ్రిమెంట్, సీటస్ చేయించుకున్నది రిజిస్ట్రేషన్. రాసిస్తానని మాట ఇవ్వడం వేరు, ఇప్పుడే రాసివ్వడం వేరు. మాట ముందు ఇచ్చినా, రాసిచ్చింది సీటస్‌కే. స్టాన్‌ఫర్డ్ ఇంకో వాదన కూడా చేసింది. పరిశోధనలో కొంత ప్రభుత్వ డబ్బు ఉంది, 1980లో వచ్చిన బే-డోల్ చట్టం ప్రకారం ప్రభుత్వ నిధులతో చేసిన ఆవిష్కరణల మీద హక్కు నేరుగా యూనివర్సిటీకే వస్తుంది అని. 2011 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తీర్పుతో దాన్నీ కొట్టేసింది. ఆవిష్కరణ ముందుగా కనిపెట్టిన మనిషిది. ఆ మనిషి రాసిస్తేనే అది సంస్థకు వెళ్తుంది. డబ్బు ఎవరిచ్చారన్న దాన్నిబట్టి యాజమాన్యం దానంతటదే మారదు.

పేటెంట్ ఆఫీసు ఈ కథలో ఎక్కడా అడ్డం పడలేదు. పేటెంట్లు సక్రమంగానే వచ్చాయి. పోయింది అంతకుముందే, ఒక ఫారంలో, ఒక సంతకంతో. యూనివర్సిటీ పరిశోధన హక్కుల గురించి ఏ వర్క్‌షాప్ పెట్టినా మాటలన్నీ అప్లికేషన్ ఎలా వేయాలి అన్న దాని చుట్టూ తిరుగుతాయి. అప్లికేషన్ వేయడం ఇందులో తేలికైన పని. నష్టం జరిగేది రెండు చోట్ల: హక్కు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందన్న కాగితాల గొలుసులో, విషయం బయటి ప్రపంచానికి మొదట తెలిసిన తేదీలో. ఆ రెండూ ల్యాబ్‌లో మైక్రోపిపెట్ పట్టుకున్నవాళ్ల చేతుల్లో ఉంటాయి, వాళ్లకు చెప్పేవాళ్లే తక్కువ.

మన దగ్గర గొలుసు ఇంకా పలచన. 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రకారం అప్లికేషన్ వేసే హక్కు అసలైన, మొదటి ఆవిష్కర్తది, లేదా ఆ వ్యక్తి రాసిచ్చినవారిది. ఉద్యోగి కనిపెట్టింది యజమానిదే అని ఆ చట్టంలో ఎక్కడా లేదు. ప్రొఫెసర్ అయితే సర్వీస్ నిబంధనల్లో, యూనివర్సిటీ ఐపీ (మేధో సంపత్తి) పాలసీలో ఆ మాట ఉంటుంది. కాపీరైట్ చట్టం మాత్రం ఉద్యోగంలో భాగంగా రాసినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే మొదటి హక్కుదారు అంటుంది. దీంతో ఒకే ప్రాజెక్టులో విచిత్రమైన పరిస్థితి వస్తుంది. జీతం తీసుకునే ప్రోగ్రామర్ రాసిన కోడ్ సంస్థది. అదే ప్రాజెక్టులో పుట్టిన పేటెంట్‌కు పనికొచ్చే పరికరం మాత్రం, కనిపెట్టినవాళ్లు రాసిచ్చేదాకా వాళ్లదే.

ఇక విద్యార్థి సంగతి. జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ మీద పీహెచ్‌డీ చేసే స్కాలర్ యూనివర్సిటీ ఉద్యోగి కాదు. ఫీజు కట్టి చదివే బీటెక్ ఫైనలియర్ పిల్లలు అసలే కాదు. సర్వీస్ నిబంధనలు వాళ్లకు వర్తించవు. అడ్మిషన్ ఫారంలోనో పాలసీలోనో స్పష్టంగా ఉండి, వాళ్లు సంతకం పెడితే తప్ప యూనివర్సిటీకి వాళ్ల వాటా మీద గట్టి పట్టు ఉండదు. దీని ఫలితం నాలుగైదేళ్ల తర్వాత కనిపిస్తుంది. గైడ్ స్టార్టప్ పెడతారు. పెట్టుబడి పెట్టేవాళ్ల లాయర్ అడిగే మొదటి కాగితాల్లో ఒకటి, ప్రతి ఆవిష్కర్త నుంచి హక్కు బదిలీ పత్రం. అప్పటికి ఎంటెక్ చేసిన అబ్బాయి డల్లాస్‌లో ఉద్యోగంలో ఉంటాడు, పాత నంబర్ పనిచేయదు. అతని సంతకం లేకుండా డీల్ కదలదు. ఆ అబ్బాయి వైపు నుంచి చూస్తే ఇంకా అన్యాయంగా ఉండొచ్చు. తన పేరు అప్లికేషన్‌లో ఉందో లేదో కూడా అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

పేరు ఎవరిది పెట్టాలన్న దగ్గరే చాలా ల్యాబుల్లో గొడవలు మొదలవుతాయి. పేపర్‌లో రచయితగా పేరు పెట్టడానికి ఉన్న ఆనవాయితీలు పేటెంట్‌కు పనికిరావు. హెచ్‌ఓడీ కాబట్టి, గ్రాంట్ తెచ్చారు కాబట్టి ఆవిష్కర్తల జాబితాలో చేర్చకూడదు. చెప్పిన ప్రయోగాన్ని చెప్పినట్టు చేసిన టెక్నీషియన్ పేరూ రాదు. పేటెంట్ కోరుతున్న ఆలోచనలో ఎవరి బుర్ర పనిచేసిందో వాళ్ల పేర్లే రావాలి. ఆ వ్యక్తి రెండో సంవత్సరం స్కాలర్ అయితే ఆ పేరే రావాలి. అసలు ఆవిష్కర్తను వదిలేయడం, కానివాళ్లను చేర్చడం మర్యాదకు సంబంధించిన విషయం కాదు, రేపు పేటెంట్‌నే ప్రశ్నించడానికి అది దారి ఇస్తుంది.

ఇందుకు మనకు బాగా తెలిసిన ఉదాహరణ కోవాక్సిన్. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కింద పుణేలో ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ వైరస్‌ను వేరుచేసి ఇచ్చింది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ టీకాగా మలిచింది. ఐసీఎంఆర్‌కు నికర అమ్మకాల మీద 5 శాతం రాయల్టీ అని 2021లో పార్లమెంటుకు చెప్పారు. అయితే పేటెంట్ అప్లికేషన్లలో ఐసీఎంఆర్ పేరు లేదన్న సంగతి 2024లో పత్రికలకెక్కింది. కావాలని చేసింది కాదు, పొరపాటున జరిగింది, ఐసీఎంఆర్‌ను సహ యజమానిగా చేరుస్తున్నాం అని కంపెనీ ప్రకటించింది. దేశమంతా చూస్తుండగా జరిగిన పరిశోధనలోనే ఇలా జరిగిందంటే, ఎవరూ చూడని ఒక డిపార్ట్‌మెంట్‌లో చిన్న కంపెనీతో కుదుర్చుకున్న ప్రాజెక్టులో ఏం జరగొచ్చో ఊహించుకోవచ్చు.

సహ యజమాని అయితే చాలా, అంటే అదీ కాదు. ఇక్కడ చాలామంది రిజిస్ట్రార్లు గమనించని ఒక సెక్షన్ ఉంది. పేటెంట్ల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే ప్రతి సహ యజమానీ ఆ ఆవిష్కరణను సొంతంగా వాడుకోవచ్చు, రెండోవారికి లెక్క చెప్పనక్కర్లేదు. కానీ బయటివాళ్లకు లైసెన్స్ ఇవ్వాలన్నా, తన వాటా అమ్ముకోవాలన్నా రెండోవారి అంగీకారం కావాలి. చూడడానికి సమానంగానే ఉంది. అయితే యూనివర్సిటీకి ఫ్యాక్టరీ ఉండదు, కంపెనీకి ఉంటుంది. కంపెనీ తయారుచేసి అమ్ముకుంటుంది, పైసా ఇవ్వకపోయినా చట్టం తప్పుపట్టదు. యూనివర్సిటీ ఇంకో కంపెనీకి ఇద్దామంటే మొదటి కంపెనీ ఒప్పుకోవాలి. సగం హక్కు చేతిలో ఉండి కూడా చేయగలిగిందేమీ ఉండదు. కాబట్టి ఎంఓయూలో 'ఐపీ ఇద్దరిదీ సమానంగా' అని ఒక్క వాక్యం రాసుకుని ఫొటో దిగడం యూనివర్సిటీకి చాలా ఖరీదైన పని. సొంతంగా వాడుకున్నా రాయల్టీ ఇవ్వాలని, ఏ రంగానికి వాడొచ్చో, ఇన్నేళ్లలో మార్కెట్లోకి తేకపోతే హక్కులు వెనక్కి వస్తాయని అందులోనే రాసుకోవాలి. ప్రాజెక్టు మొదలవ్వకముందు ఇవి అడగడం సులువు. ఫలితాలు వచ్చాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

రెండో సంగతి తేదీ. అప్లికేషన్ వేయకముందే విషయం బయటపడితే పేటెంట్ చేజారిపోవచ్చు. 1973లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన హెర్బర్ట్ బోయర్ డీఎన్‌ఏ ముక్కల్ని అతికించి బ్యాక్టీరియాలో పెంచే పద్ధతిని నవంబర్‌లో పేపర్‌గా ప్రచురించారు. బయోటెక్ పరిశ్రమ మొత్తానికి అదే పునాది. పేటెంట్ ఆలోచన వాళ్లకు లేదు. స్టాన్‌ఫర్డ్‌లో లైసెన్సింగ్ చూసే నీల్స్ రైమర్స్ పట్టుబట్టి ఒప్పించేసరికి దాదాపు ఏడాది గడిచింది. 1974 నవంబర్ 4న అప్లికేషన్ వేశారు. అమెరికాలో సొంత ప్రచురణ తర్వాత ఏడాది గడువు ఉంటుంది, అది ముగియడానికి కొద్ది రోజులే మిగిలి ఉంది. అమెరికాలో పేటెంట్ దక్కింది. మిగతా చాలా దేశాల్లో ఆ గడువు లేదు కాబట్టి అక్కడ అవకాశం అప్పటికే పోయింది. ఒక్క అమెరికా పేటెంట్ల మీదే, అడిగిన ప్రతి కంపెనీకీ తక్కువ ఫీజుతో ఇస్తూ పోతే, రెండు యూనివర్సిటీలకూ కలిపి దాదాపు 25 కోట్ల డాలర్లు వచ్చాయి.

భారత్‌లో 31వ సెక్షన్ ఇచ్చే 12 నెలల వెసులుబాటు ఇరుకైనది. కేంద్రం నోటిఫై చేసిన ఎగ్జిబిషన్లో చూపిస్తేనో, పండిత సంఘం ముందు పేపర్ చదివితేనో, ఆ సంఘం ప్రొసీడింగ్స్‌లో వస్తేనో వర్తిస్తుంది. ఏ జర్నల్లో వేసినా ఏడాది టైముంది అనుకోవడం ప్రమాదం. యూరప్‌లో ఆ పాటి వెసులుబాటూ లేదు. మన స్కాలర్లకు ఇంకో చిక్కు ఉంది. పీహెచ్‌డీ థీసిస్‌ను శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భండారంలో పెట్టాలి. పెట్టిన రోజు నుంచి అది ప్రపంచానికంతా తెలిసినట్టే లెక్క. ఎవరు చదువుతారులే అనుకోవడానికి లేదు. జర్మనీలోని ఫ్రైబర్గ్ యూనివర్సిటీ లైబ్రరీలో కేటలాగ్‌లోకెక్కిన ఒకే ఒక్క థీసిస్ కాపీని చూపించి, ఈ విషయం ముందే బయటపడింది అంటూ ఒక పేటెంట్ అప్లికేషన్‌ను తోసిపుచ్చితే, 1986లో అమెరికా అప్పీల్ కోర్టు దాన్నే సమర్థించింది. ఎంతమంది చదివారన్నది కాదు, కావాలనుకున్నవాళ్లకు దొరుకుతుందా అన్నదే ప్రశ్న. కాన్ఫరెన్స్ పోస్టర్, ఎవరైనా వచ్చి కూర్చునే వైవా, హ్యాకథాన్ స్లైడ్లు, లింక్డ్‌ఇన్‌లో సంబరంగా పెట్టే ఫొటో కూడా ఇదే కోవలోకి రావచ్చు.

అలాగని పేపర్ ఆపుకోనక్కర్లేదు. పేపర్ ఆపితే స్కాలర్ కెరీర్ ఆగిపోతుంది, అది అడగడం న్యాయం కాదు. ముందుగా తేదీని ఖాయం చేసుకునే ప్రొవిజనల్ అప్లికేషన్ ఉన్నది ఇందుకే. విద్యాసంస్థలకు 2021 నుంచి ఫీజుల్లో 80 శాతం తగ్గింపు ఉంది, ఆన్‌లైన్‌లో దాఖలు చేయడానికి ₹1,600 చాలు. ఆ తేదీ చేతికొచ్చిన మర్నాడే పేపర్ పంపుకోవచ్చు. పూర్తి వివరాలతో కంప్లీట్ స్పెసిఫికేషన్ వేయడానికి 12 నెలలు ఉంటాయి. అయితే ప్రొవిజనల్ అంటే రెండు పేరాల నోట్ కాదు. అందులో ఏం రాశారో దానికే ఆ తేదీ వర్తిస్తుంది. మొక్కుబడిగా రాసి వేసి, మర్నాడు వివరంగా పేపర్ ప్రచురిస్తే, ఆ పేపరే మీకు అడ్డం తిరుగుతుంది.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికాలోని ప్రొఫెసర్‌తో కలిసి పనిచేసేవాళ్లు మనలో చాలామంది. భారత్‌లో నివసించేవాళ్లు ఆవిష్కర్తలైతే, 39వ సెక్షన్ ప్రకారం ముందు ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా విదేశంలో వేయడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. అవతలివాళ్ల యూనివర్సిటీ తమ పద్ధతిలో తాము అక్కడ ముందే వేసేస్తే, ఇక్కడి అప్లికేషన్ వదులుకున్నట్టే అయ్యే ప్రమాదం ఉంది. అమెరికాకూ ఇలాంటి నిబంధనే ఉంది. రెండు చోట్లా పని జరిగితే రెండు దేశాల అనుమతులూ చూసుకోవాలి.

కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీల గురించి కూడా మాట్లాడుకోవాలి. 'మా ప్రొఫెసర్‌కు పేటెంట్' అని కట్టే ఫ్లెక్సీల్లో చాలా వాటికి ఆధారం అప్లికేషన్ పబ్లిష్ కావడమే. పబ్లిష్ కావడానికి గొప్పతనమేమీ అక్కర్లేదు. 18 నెలలకు మామూలుగా అవుతుంది, ఫారం 9 వేసి ఫీజు కడితే నెలలోపే అవుతుంది. అప్పటికి దాన్ని పరీక్షించినవాళ్లు లేరు. పరీక్షించమని విడిగా అడగాలి, 2024 నిబంధనల ప్రకారం 31 నెలల్లోగా. తర్వాత అభ్యంతరాలు వస్తాయి, వాటికి జవాబు చెప్పాలి, అప్పుడు గ్రాంట్. కాలేజీలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్ పబ్లిష్ అయినవాటికీ మార్కులు ఇస్తుంది కాబట్టి అక్కడితో ఆగిపోయే అప్లికేషన్లు పెరిగాయి. డిజైన్ రిజిస్ట్రేషన్‌నూ పేటెంట్ అని చెప్పుకుంటున్నారు, అది వస్తువు పైకి కనిపించే రూపానికి మాత్రమే. ఈ పోటీలో నిజంగా నష్టపోయేది మంచి పరిశోధనే. తొందరపడి ముందే పబ్లిష్ చేయించడం అంటే, మెరుగులు దిద్దే సమయం ఉండగానే మన రహస్యాన్ని మనమే బయటపెట్టుకోవడం.

వ్యవసాయ యూనివర్సిటీల లెక్క వేరు, ఇది తెలుగు నేలకు బాగా దగ్గరి సంగతి. మొక్కలకు, విత్తనాలకు మన దేశంలో పేటెంట్ లేదు. వాటికి 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం ఉంది. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 రైతులకు సాంబ మసూరిగా తెలుసు. బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువుల్ని హైదరాబాద్‌లోని కణ, అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి దానిలోకి తెచ్చాయి. ఆ కొత్త రకం 2008లో విడుదలైంది. ఇలాంటి రకాన్ని సంస్థ తన పేరున రిజిస్టర్ చేసుకున్నా, రైతు విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ నాటుకోవచ్చు, పక్కవాళ్లతో మార్చుకోవచ్చు, బ్రాండ్ పేరు వేయకుండా అమ్ముకోవచ్చు. మరి రిజిస్టర్ చేయడం దేనికి? పబ్లిక్ డబ్బుతో చేసిన రకాన్ని వేరేవాళ్లు తమదని చెప్పుకోకుండా, విత్తన కంపెనీలు వ్యాపారం చేస్తే అందులో సంస్థకు వాటా ఉండేలా. ఇక్కడ యూనివర్సిటీ విజయాన్ని రాయల్టీతో కొలవడం నాకు సరైనదిగా అనిపించదు. ఎన్ని ఎకరాలకు చేరిందన్నదే సరైన కొలత, హక్కు ఆ పనికి అక్కరకు రావాలి.

కొన్నిసార్లు ఏ హక్కూ కోరకుండా వివరంగా ప్రచురించడమే మంచి రక్షణ. 1995లో పసుపుతో గాయాలు మాన్పడంపై అమెరికాలోని మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు పేటెంట్ ఇచ్చారు. మన దేశ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ దాన్ని సవాలు చేసి 1997లో రద్దు చేయించింది. గెలిపించింది మన అమ్మమ్మలకు తెలుసన్న వాదన కాదు, ఆ సంగతి ముందే అచ్చులో ఉందని చూపించిన పాత గ్రంథాలూ పత్రాలూ. తర్వాత వచ్చిన సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ ఆ ఆలోచన నుంచి పుట్టిందే. మార్కెట్ లేని, పేటెంట్‌కు ఖర్చు దండగ అనిపించే ఆవిష్కరణను తేదీతో సహా ప్రచురించేస్తే, రేపు దాన్ని ఎవరూ గుత్తకు తీసుకోలేరు.

ఏది ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి అని తేల్చడమే యూనివర్సిటీలో ఈ హక్కుల వ్యవహారాలు చూసే ఐపీ సెల్ చేయాల్సిన అసలు పని. బే-డోల్‌కు ముందు అమెరికా ప్రభుత్వం చేతిలో దాదాపు 28,000 పేటెంట్లు ఉంటే, లైసెన్స్ పొందినవి 5 శాతం కూడా లేవు. మన దేశంలో అలాంటి చట్టం కోసం 2008లో బిల్లు పెట్టారు, అది ఆమోదం పొందలేదు. కాబట్టి ప్రతి యూనివర్సిటీ తన పాలసీ తానే రాసుకోవాలి. దాఖలు ఖర్చు తక్కువే గానీ, విదేశాలకు వెళ్తే మొదటి దాఖలు తేదీ నుంచి 30, 31 నెలల దగ్గర ఒక్కో దేశానికి లక్షల్లో ఖర్చు మొదలవుతుంది. కొనేవాళ్లెవరో ఆ లోపే తెలియాలి. వారానికి రెండు గంటలు కేటాయించే ఒక ప్రొఫెసర్‌కు కోఆర్డినేటర్ అన్న బోర్డు పెడితే ఆ పని జరగదు. కంపెనీలతో ఫోన్లో మాట్లాడగలిగే, లాయర్ డ్రాఫ్ట్ చదివి ప్రశ్నించగలిగే పూర్తికాలపు మనిషి ఒక్కరైనా ఉండాలి. నా దృష్టిలో వంద పబ్లికేషన్ల కంటే ఆ ఒక్క ఉద్యోగానికే ఎక్కువ విలువ.

చదువుకునేవాళ్లకైతే నాలుగు పనులు ఇప్పుడే చేసుకోగలిగినవి. అడ్మిషన్ రోజు సంతకం పెట్టిన కాగితాల కాపీలు తీసి పెట్టుకోండి. వేరే సంస్థకు నెల రోజుల ట్రైనింగ్‌కు వెళ్తే, అక్కడ ఇచ్చే ఫారంను సంతకానికి ముందు మీ ఐపీ సెల్‌కు చూపించండి. నోట్‌బుక్‌లో తేదీలు వేసి, గైడ్‌తో సంతకం పెట్టించుకోండి. యూనివర్సిటీ మీ ఆవిష్కరణపై పేటెంట్ వేయదలచుకోకపోతే, ఆ మాట రాతపూర్వకంగా అడిగి, హక్కు మీకు తిరిగి రాసివ్వమని కోరండి. చాలా పాలసీల్లో దానికి వీలుంది, కానీ అడగనివాళ్లకు ఎవరూ ఇవ్వరు.